ఇసుకరాయి అక్క

పోయిన శనివారం మా ఇంటి దగ్గర పార్కులో మావాడు ఇసుకగుంటలో ఆడుకుంటున్నాడు. నాలుగేళ్లవాడు. నేను బెంచీ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాను. ముందురోజు వాన పడింది, పొద్దున ఎండ కాసింది, ఇసుక పైకి తెల్లగా పొడిపొడిగా ఉంది. వాడు చెయ్యి మోచేతిదాకా లోపలికి దోపి, బయటికి తీసి, వేళ్లకంటుకున్న ముద్ద నాకు చూపించి, "పాపా, ఉంటెన్ ఇస్ట్ నాస్!" అన్నాడు. పాపా అంటే నేను; కింద తడిగా ఉందిట. తెలుగులో అడిగినా వాడు జర్మన్‌లోనే జవాబు చెప్తాడు, ఆ గోల వేరే. నేను మాత్రం ఫోన్ పక్కన పెట్టేశాను. అచ్చం అలాగే ఇసుకలో చెయ్యి దోపి, అలాగే వేళ్లు చూపించి, "కింద తడున్నది తమ్మీ, పోదాం పా" అనే మనిషి నాకొకావిడ తెలుసు.

ఆమె పేరు ఇక్కడ రాయను. జర్మనీలోని కాట్‌బస్‌లో చదువుకున్న తెలుగువాళ్లమంతా ఆమెని అక్క అనే పిలిచేవాళ్లం. గోదావరిఖని మనిషి. వాళ్ల నాన్న సింగరేణి గనుల్లో పనిచేశాడు. నేను కాట్‌బస్ వచ్చేసరికే ఆమె మాస్టర్స్ అయిపోయి, ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే పద్దెనిమిది నెలల వీసా మీద ఉండేది. ఆమె నంబరు ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. చెయ్యడానికి ధైర్యం చాలదు.

మా మొదటి పరిచయం ఒక ఆఫీసు కారిడార్లో. నేనప్పుడు పెద్ద చిక్కులో ఉన్నాను. నాకు దొరికిన గది ఓనరు అన్‌మెల్డుంగ్‌కి ఒప్పుకోడు. అంటే ఫలానా అడ్రసులో ఉంటున్నానని ఆఫీసులో నమోదు చేసుకోవడం కుదరదు. అది లేకపోతే బ్యాంకు వాళ్లు ఖాతా తెరవరు, బ్యాంకు లేకపోతే ఇంకో గది ఎవరూ ఇవ్వరు, వేరే గది లేకపోతే అన్‌మెల్డుంగ్ లేదు. ఆరు వారాలుగా గానుగెద్దులాగా ఆ చుట్టే తిరుగుతున్నాను. నా మొహం చూసి అర్థమైపోయిందేమో, పేరు కూడా అడగకుండా, "టెర్మిన్ దొరికిందా?" అంది. టెర్మిన్ అంటే ఆఫీసులో అపాయింట్‌మెంటు.

"వచ్చే నెల పదిహేడుకి ఇచ్చారక్కా."

"అయితే అప్పటిదాంక ఏం జేస్తవ్? గదిల కూసోని గోడ చూస్తవా? ఆదివారం నాతో రా. ఇంకో గోడ చూపిస్త."

ఆ మాటలో సగం దయ, సగం స్వార్థం. ఆమె కొండలెక్కేది. యూనివర్సిటీ ఆటల క్లాసులో నేర్చుకుని, క్లాసు అయిపోయినా మానలేదు. తాడు కట్టుకుని ఎక్కే మనిషికి కింద నిలబడి ఆ తాడు పట్టే ఇంకో మనిషి ఉండాలి. అంతకుముందు పట్టే అమ్మాయికి మ్యూనిక్ వైపు ఉద్యోగం వచ్చి వెళ్లిపోయింది. అక్కకి తాడు పట్టే మనిషి కావాలి, నాకు గదిలోంచి బయటపడటానికి వంక కావాలి. యూనివర్సిటీ ఆటల హాల్లో రెండు వారాలు తాడు పట్టడం నేర్పించి, నా పట్టు ఆమెకి నచ్చాక, మూడో ఆదివారం తీసుకెళ్లింది.

రెండు రైళ్లు మారి, ఒక బస్సెక్కి, దిగాక పైన్ చెట్ల మధ్య ముప్పావుగంట నడిచి చేరాం. తీరా చూస్తే మూడంతస్తుల మేడంత ఇసుకరాయి. పసుపురంగు, అక్కడక్కడ నల్లని చారలు, తాడు తగిలించుకోడానికి దూరందూరంగా రాతిలో పాతిన నాలుగు ఇనుప రింగులు. ఇంత దూరం వచ్చింది దీనికా అనిపించి, "ఇదేనా అక్కా?" అన్నాను.

"ఇదే. నీకు చాలదా?" అంది.

నేను ఊరుకుంటానా? ఏదైనా కొత్తగా మొదలుపెడితే దణ్ణం పెట్టుకోకుండా మా ఇంట్లో ఎవరూ అడుగు వెయ్యరు. మాది నరసరావుపేట. ఆసియన్ షాపులో కొన్న కొబ్బరికాయ సంచిలో ఉంది, మా అమ్మ పంపిన కుంకుమ పొట్లం ఉంది. అక్క బూట్లు మార్చుకునేలోపు రాతికి మూడు బొట్లు పెట్టేసి, కొబ్బరికాయ ఎత్తాను.

"ఏయ్! ఆగు!" అని ఆమె అరిచిన అరుపుకి చెట్ల మీది పిట్టలు లేచిపోయాయి. ఒక కాలికి బూటు, ఒక కాలికి లేదు, అలాగే కుంటుకుంటూ వచ్చి నా చేతిలోంచి కాయ లాక్కుంది. "కొత్త బండి గిట్ల కొన్నవా, పూజ జేస్తున్నవ్?"

"మంచి జరగాలనే కదక్కా."

"నీకు మంచి జరుగుతది. రాయికో? నువ్వు దాని మూతి పగలగొడ్తివంటే మళ్ల మొలుస్తదా?"

కనీసం బొట్టు కడిగేద్దామని నీళ్ల సీసా మూత తీశాను. దానికి ఇంకా పెద్ద కేక. ఇసుకరాయి నీళ్లు తాగుతుందిట, తాగితే మెత్తబడుతుందిట. సంచిలోంచి పళ్లు తోముకునే పాత బ్రష్షు ఒకటి తీసి నా చేతిలో పెట్టింది. తడి లేకుండా, గట్టిగా రుద్దకుండా, మూడు బొట్లూ పోయేదాకా తుడవమంది. రాతిగరుకులో ఇంకిన కుంకుమ ఎంత మొండిదో ఆ రోజు తెలిసింది. గంటన్నర పట్టింది. నేను బ్రష్షుతో రుద్దుతుంటే ఆమె పక్కన కూర్చుని పులిహోర తింటూ, "ఆ మూలకు ఇంకా ఎర్రగున్నది చూడు" అని చూపిస్తూ ఉంది.

కొబ్బరికాయ సాయంత్రం బస్‌స్టాప్ అంచు మీద కొట్టించింది. "గిది సిమెంటు. దీన్ని ఎంత కొట్టినా పాపం అంటదు" అంది. బస్సు కోసం నిలబడ్డ ముసలావిడ ఒకామె మమ్మల్ని ఎగాదిగా చూస్తుంటే అక్క ఆమెకి ఒక చిప్ప పెట్టింది. ఆవిడ వాసన చూసి, కొంచెం కొరికి, మిగతాది చేతిరుమాల్లో చుట్టుకుని బ్యాగులో వేసుకుంది.

అక్కకి రాయి విషయంలో ఉన్న పట్టింపులు మా బామ్మ మడికి కూడా లేవు. చేతులకి తెల్లపొడి రాసుకోకూడదు. పగుళ్లలో ఇనుప సామాను దూర్చకూడదు, తాళ్లకి ముళ్లు వేసి అవే ఇరికించాలి. నడిచిన బాట తప్ప పక్కకి కాలు పెట్టకూడదు. ఒకసారి మనవాళ్లు పదిమంది స్పీకరు, చికెన్ బిర్యానీ డబ్బాలతో మా వెంట వస్తామంటే, "ముందుగాల స్పీకర్ ఇంట్ల పెట్టుండ్రి, అటెన్క మాట్లాడుదాం" అంది. వాళ్లు అలిగి స్పీకరుతో సహా బెర్లిన్ పోయారు.

రాతి మీద చెయ్యి వేసే ప్రతి పట్టునీ వేలి కణుపులతో కొట్టి, తల వంచి వినేది. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తలుపు తట్టినట్టు తడుతున్నావేంటక్కా, లోపల ఎవరున్నారు అని ఏడిపించేవాణ్ణి. ఒకరోజు కింద కూర్చున్నప్పుడు చెప్పింది. "మా బాపు బొగ్గుబాయిల దిగంగనే కట్టెతోటి పైకప్పు కొట్టి చూసేటోడు. గట్టిగ పలికితే పని షురూ. బోలుగ పలికితే వెనుకకు. లోపలికి పొయ్యేటోళ్లు తిట్టేటోళ్లట, ఏందయ్యా నీ చాదస్తం అని. బాపు పలికేటోడు కాదు." వాళ్ల నాన్న గురించి ఆమె నాకు చెప్పింది అంతే. పొడిగించమన్నా పొడిగించలేదు.

అన్నిటికంటే పెద్ద పట్టింపు తడి. రాయి దగ్గరికి చేరగానే సంచి దింపదు, ఏమీ చెయ్యదు. రాయి అడుగున నీడ ఉన్న చోట ఇసుకలో చెయ్యి దోపుతుంది. లోపలి ఇసుక పొడిగా రాలితే ఎక్కొచ్చు. ముద్దయితే వెనక్కే. మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చాం కదా అని ఉండదు. ఎండ కాస్తోంది కదా, రాయి ముట్టుకుంటే వెచ్చగా ఉంది కదా అని ఉండదు.

"పైన ఆరిందక్కా! చూడు!" అని నేను ఒకసారి నిజంగానే గొడవపడ్డాను. ఆ వారమంతా గదిలో నలిగిపోయి ఉన్నాను, అక్కడికొచ్చి మళ్లీ బస్సెక్కాలంటే ఒళ్లు మండిపోయింది.

"పైన ఆరింది. లోపల ఆరలే. ఇప్పుడు బరువేస్తే పట్టు ఊడుతది."

"ఊడితే పడతాను. తాడుందిగా."

"నువ్వు పడితే లేస్తవ్ రా. ఆ పట్టు పోతే పోయినట్టే. రేపొచ్చేటోళ్లు దేన్ని పట్టుకుంటరు?"

సంచి భుజానికి తగిలించుకున్నాను. దారి పొడుగునా అలిగి ముందు నడిచాను. ఆమె కూడా బతిమాలలేదు.

ఆ కాలమంతా తలుచుకుంటే నాకిప్పటికీ ఊపిరాడదు. చెప్పుకోదగ్గ కష్టమేం కాదు, ఎవరూ కొట్టలేదు, తిండి లేకుండా లేను. కానీ ఎటు చూసినా తలుపు సగం తెరుచుకుని ఆగిపోయేది. అక్క పరిస్థితి నాకంటే ఘోరం. పాత కాలపు పెద్ద బ్లాకుల్లో ఆరో అంతస్తులో ఆమె గది. కిటికీ తీస్తే ఎదురుగా అలాంటిదే ఇంకో బ్లాకు. వారంలో నాలుగు రోజులు తెల్లారుజామున ఒక బేకరీలో ట్రేలు మోసేది, మిగతా సమయంలో అప్లికేషన్లు. ఆమెకి ఇంటర్వ్యూలు వచ్చేవి. మొదటి రౌండు అయ్యేది, రెండోది అయ్యేది, మూడో రౌండు తర్వాత మర్యాదగా ఒక ఉత్తరం వచ్చేది. ఉద్యోగం వస్తే బ్లూ కార్డు, అంటే ఇక్కడే ఉండిపోవడానికి పర్మిట్టు; లేకపోతే వీసా అయిన రోజు విమానం. ఊరికి వెళ్లి ఒకసారి అమ్మానాన్నల్ని చూసి వద్దామన్నా, ఈలోపు ఎవరైనా ఇంటర్వ్యూకి పిలుస్తారేమోనని కదిలేది కాదు.

మిగిలిన కాలాన్ని ఆమె నెలల్లో చెప్పేది కాదు. "ఇంక పదకొండు ఆదివారాలున్నయ్" అనేది. ఎందుకంటే ఆ రాతి మీద ఆమెకొక బాకీ... బాకీ కాదు, పంతం. రాయి మధ్యలోంచి నిట్టనిలువుగా పోయే దారి ఒకటుంది. రెండు ఎండాకాలాలుగా ఆమె దాని మీద పడుతోంది. ప్రతిసారీ నాలుగో రింగు కిందే చేతులు జారిపోయి తాడుకి వేలాడేది. పక్కదారిన వెళ్తే తేలికగా పైకి చేరొచ్చు, నన్ను అటు ఎక్కించింది కూడా. తను మాత్రం ఎప్పుడూ అటు వెళ్లలేదు.

"పక్కనుంచి పోతే ఏమైందక్కా? పైకే కదా వెళ్లేది?" అన్నాను.

"ఈ దేశంల నా పనులన్నీ ఆఖరుకు వచ్చి ఆగిపోతున్నయ్ తమ్మీ. గిదొక్కటన్న మొత్తం ఎక్కి పోత." నవ్వుతూనే అంది. 

పదకొండు ఆదివారాల్లో నాలుగు వానకి పోయాయి. ఒకటి ఆమెకి జ్వరం. ఒకటి మేం చేరాక ఇసుక ముద్దయింది. రెండుసార్లు ఎక్కింది, రెండుసార్లూ అక్కడే జారింది. చివరి ఇంటర్వ్యూ నుంచి కూడా కాదంటూ ఉత్తరం వచ్చేసింది. తర్వాత రెండు ఆదివారాలు సామాను సర్దడం, గది అప్పజెప్పడం. చివరికి ఒక్కటి మిగిలింది. బుధవారం ఆమె విమానం.

ఆ వారం గురువారం సాయంత్రం గట్టి వాన. శుక్రవారం, శనివారం ఎండ. "పోదాం" అని ఒక్క మాట మెసేజి పెట్టింది.

 రైల్లో రెండు చేతుల వేళ్లూ ముడుస్తూ విప్పుతూ కూర్చుంది. రాయి దగ్గరికి చేరాం. బంగారంలాంటి ఎండ, గాలి, రాయి మీద పొడిదుమ్ము. ఆమె సంచి దింపకుండా నిలబడి, ఇసుక వైపు చూసి, అడుగు ముందుకెయ్యలేదు.

"నువ్వు చూడు తమ్మీ. ఇయ్యాల నా చెయ్యి నేను నమ్మ" అని చెట్ల వైపు తిరిగింది.

మోకాళ్ల మీద కూర్చుని నీడలో తవ్వాను. నాలుగు వేళ్ల లోతు పొడి. ఇంకొంచెం కిందికి వెళ్తే చల్లదనం. పిడికిలి బిగించి బయటికి తీశాను. ఇసుక ముద్దయింది. వేళ్లు విప్పితే నా గీతలు అచ్చుపడి ఉన్నాయి, అది విడిపోలేదు. ఆమె వీపు కనిపిస్తోంది. వెలిసిపోయిన నీలం చొక్కా, భుజాన తాడు. ఆ క్షణంలో నేను ఏం ఆలోచించానో నాకు బాగా గుర్తుంది. కొంచెమే కదా తడి, ఏం కాదులే అనుకున్నాను. ముద్దని చిదిపేసి, చెయ్యి పాంటుకి తుడుచుకుని, జేబులో పెట్టుకున్నాను.

"ఆరిందక్కా."

తిరిగి నా మొహంలోకి చూసింది. "నిజం?"

"నిజం."

చెయ్యి చూపించమని అడగలేదు. నమ్మింది. తాడు కట్టుకుంది, నేను సరిచూశాను, ఎక్కడం మొదలుపెట్టింది.

అంత బాగా ఎక్కడం నేను అంతకుముందు చూడలేదు. ఎక్కడా తొందర లేదు. మొదటి రింగు, రెండోది, మూడోది. కణుపులతో కొట్టడం, వినడం, చెయ్యి వెయ్యడం. ప్రతిసారీ జారిపోయే చోటికి వచ్చింది. ఒక కాలు పక్కకి చాపి, ఒళ్లంతా రాతికి అదిమి, దాన్ని దాటేసింది. నాలుగో రింగుకి తాడు తగిలించి, దాని పైకి కూడా వెళ్లింది. ఇంక మిగిలింది ఒక్కటే పట్టు. చెక్కగారెంత మందం ఉన్న రాతి అంచు. దాన్ని పట్టుకుని లేస్తే పైనే.

అప్పుడు ఆమె కాలి కింద ఏదో చితికింది. నా మొహం మీద కొన్ని ఇసుక రవ్వలు పడ్డాయి. పొడి ఇసుకైతే రాలి జారిపోతుంది. ఇది చెంపకి అంటుకుంది. చల్లగా ఉంది. ఆమె కుడిచెయ్యి పైకి లేచి ఆ అంచు మీద పడింది. ఆ అంచు ఊడితే ఏమవుతుందో నా కళ్లకి కట్టింది. ఆమె కాదు ముందు కనబడింది, ఆ రాయి. ఆ తర్వాత ఆమె.

"అక్కా! దిగు! తడిగా ఉంది! అబద్ధం చెప్పాను, దిగక్కా!"

ఆమె కదల్లేదు. చెయ్యి అంచు మీదే ఉంది. బరువు ఇంకా వెయ్యలేదు. నేను తాడు రెండు చేతులతో పట్టుకుని మెడ వెనక్కి విరిచి చూస్తున్నాను. ఎంతసేపో తెలియదు. ఆమె వేళ్లు ఒక్కొక్కటే ఆ అంచు మీద నుంచి లేచాయి. అడుగు అడుగూ వెతుక్కుంటూ రింగు దాకా దిగి, అక్కడొక కొక్కెం తగిలించి, తాడు మీద వేలాడింది. నేను నెమ్మదిగా వదులుతూ కిందికి దించాను.

తిడుతుందనుకున్నాను. నడుం దగ్గర ముడి విప్పబోయింది, అది బిగుసుకుపోయి రావడం లేదు. సాయం చేద్దామని చెయ్యి చాపాను.

"ముట్టకు."

తనే విప్పుకుంది. చాలాసేపు పట్టింది. విప్పుకున్నాక నా వైపు చూసి, గొంతు పెంచకుండా, "కింద తాడు పట్టినోడు అబద్ధం చెప్తే మీదున్నోళ్లు ఎవర్ని నమ్మాలె రా?" అంది.

 నీ కోసమే కదక్కా అని నోటిదాకా వచ్చిన మాట మింగేశాను. ఆమె తన సామాను సర్దుకుంటుంటే, నేను తాడు చుట్టాను. తిరుగుదారిలో ఆమె ముందు నడిచింది, నేను పది అడుగుల వెనక.

బస్సులో మాత్రం పక్కనే కూర్చుంది. మేమిద్దరం తప్ప ఎవరూ లేరు. రెండు ఊళ్లు దాటాయి. క్షమించమని అడగడానికి మాటలు కూడబలుక్కుంటున్నాను.

"తమ్మీ."

"ఆఁ, అక్కా."

"ఆ అంచు మీద చెయ్యి వడ్డది, చూసినవా?"

"చూశానక్కా."

"మంచిగ దొరికింది పట్టు." కిటికీలోంచి బయటికే చూస్తోంది. "ఇంకొక్క నిమిషం నువ్వు నోరు మూసుకోని ఉంటే అయిపోతుండె గద రా."

ఆ మాట అనేశాక ఆమె బిత్తరపోయి నా వైపు చూసింది. వెంటనే రెండు చేతులతో మొహం కప్పుకుంది. స్టేషను వచ్చేదాకా తియ్యలేదు.